ముక్క తీసిన రోజు నుంచి మాత్ర వేసుకున్న రోజు దాకా: 33 రోజులు

మే 2, శుక్రవారం సాయంత్రం, ఊపిరితిత్తిలో క్యాన్సరేమోనని పరీక్షకు అమ్మ వీపు వైపు నుంచి సూదితో ముక్క తీశారు. జూన్ 4, బుధవారం పొద్దున టిఫిన్ అయ్యాక మొదటి మాత్ర వేసుకుంది. మధ్యలో 33 రోజులు. అందులో కనీసం 20 రోజులు దండగైపోయినవే. అవి ఎక్కడెక్కడ పోయాయో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మాది గుంటూరు, నల్లచెరువు. అమ్మకు 58 ఏళ్ళు. నాన్న పోయాక మిర్చి యార్డు చుట్టుపక్కల కొట్లలో కాయల తొడిమలు తీసే పనికి పోయి నన్నూ తమ్ముణ్ణీ చదివించింది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం. 2025లో సంక్రాంతికి ముందు అమ్మకు దగ్గు పట్టుకుంది. కొట్లలో పనిచేసేవాళ్ళకి దగ్గు కొత్తేం కాదు. ఘాటుకే అనుకున్నాం. వీధి చివర డాక్టరు గారు సిరప్ రాశారు, తర్వాత ఇంకో సిరప్ రాశారు. ఫిబ్రవరి అంతా అలాగే గడిచింది.

మార్చి 5న ఆయాసం ఎక్కువై ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో కుడివైపు నీరు చేరిందన్నారు, నెమ్ము అన్నారు. ఆ రోజే సూది పెట్టి లీటరు పైన నీరు తీశారు. అందులోంచి ఒక చిన్న సీసాడు పరీక్షకు పంపి మిగతాది పారబోశారు. నేను పక్కనే ఉన్నాను. ఆయమ్మ ఆ బకెట్ తీసుకుని బాత్రూమ్ వైపు వెళ్ళడం చూశాను. అప్పుడు నాకు దాని విలువ తెలియదు. రిపోర్టు చూసి టీబీ అయి ఉంటుందన్నారు. కఫంలో క్రిమి కనపడలేదు, అయినా మన దగ్గర నీరు చేరితే ఎక్కువగా టీబీయే కదా అన్నారు. మార్చి 10 నుంచి టీబీ మాత్రలు. అవి ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, రూపాయి ఖర్చు కాలేదు. అమ్మ ఒక్క రోజు మానకుండా 50 రోజులు మింగింది. మూత్రం ఎర్రగా వస్తుంటే భయపడింది, మాత్రల వల్లే అని సర్దిచెప్పాను. తగ్గుతుంది, రెండు నెలలు ఓపిక పట్టమని రోజూ చెప్పాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఏప్రిల్ 28న మళ్ళీ ఆయాసం. ఈసారి వేరే డాక్టరు గారు. కొత్తపేటలో సీటీ స్కాన్ తీయించారు. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో 3.4 సెంటీమీటర్ల గడ్డ. నీరు మళ్ళీ కొంచెం కొంచెం చేరుతోంది. స్కాన్ గదిలో కుర్రాడు ఫిల్ము కవరు నా చేతికిస్తూ నా ముఖం వైపు చూడలేదు. అప్పుడే అర్థమైంది.

అమ్మకు మాత్రం నెమ్ము గడ్డ కట్టిందని చెప్పాం. తమ్ముడూ నేనూ ఫోన్లో అలా అనుకున్నాం. ఆ పేరు అమ్మ ముందు ఎత్తకూడదని.

ముక్క పరీక్షకు శుక్రవారం సాయంత్రం ఖాళీ దొరికింది. త్వరగా దొరికిందని సంతోషించాం కూడా. అమ్మను బోర్లా పడుకోబెట్టి, స్కాన్‌లో చూసుకుంటూ వీపు వెనక నుంచి సూది పెట్టారు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. బయటికొచ్చాక "చీమ కుట్టినట్టుంది అంతే" అంది అమ్మ. ముక్క పాడవకుండా ఫార్మలిన్ అనే మందు పోసిన చిన్న సీసాలో సన్నటి దారప్పోగుల్లాంటివి మూడు, అడుగున వాలి ఉన్నాయి. అవి శుక్రవారం రాత్రి, శనివారం, ఆదివారం అక్కడే ఫార్మలిన్‌లోనే ఉన్నాయి. సోమవారం పొద్దున గానీ ల్యాబ్‌లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఈ సంగతి కూడా నాకు తర్వాతే తెలిసింది.

మే 8న మొదటి రిపోర్టు: అడినోకార్సినోమా, అంటే ఒక రకం క్యాన్సర్. మే 9న పెట్ స్కాన్, ఊపిరితిత్తి పొరలోనూ నడుం దగ్గర ఒక వెన్నుపూసలోనూ వెలుగుతోందన్నారు. నాలుగో స్టేజీ. మే 12న రెండో రిపోర్టు, అదే ముక్క మీద ఇంకా పది పన్నెండు రకాల రంగుల పరీక్షలు వేసి, ఊపిరితిత్తిలో పుట్టిందే అని తేల్చారు. క్యాన్సర్ డాక్టరు గారు రిపోర్టు చదివి అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మగారికి చుట్ట అలవాటు గానీ, పొగాకు గానీ?" ఏదీ లేదన్నాను. "అయితే కీమోకి తొందరపడొద్దు. జన్యు పరీక్ష చేయిద్దాం. పొగ తాగని ఆడవాళ్ళలో ఈ రకం వస్తే, ఒక్కోసారి ఒకే ఒక్క జన్యువు చెడి ఉంటుంది. అది దొరికితే మాత్రతో అదుపు చేయొచ్చు" అన్నారు. ఈజీఎఫ్ఆర్ అనే ఆ జన్యువు పేరు ఆ రోజే మొదటిసారి విన్నాను. లెక్కల టీచర్ని కదా, ఎంతమందిలో దొరుకుతుంది సార్ అని అడిగాను. మన దేశంలో ఈ రకం క్యాన్సర్ ఉన్నవాళ్ళలో సుమారుగా నలుగురిలో ఒకరికి ఉంటుందట, అమ్మలాంటి వాళ్ళలో ఇంకాస్త ఎక్కువట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముక్క ఉన్న మైనం బ్లాక్‌ని బయటి ల్యాబ్‌కి పంపారు. 9 వేలు కట్టాం. నాలుగైదు రోజులన్నది ఎనిమిది రోజులైంది. ఆ ఎనిమిది రోజులూ నేను రోజుకు పదిసార్లు ఫోన్ తీసి ఆ ల్యాబ్ లింకు నొక్కి చూసుకున్నాను. మే 20, మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. మ్యుటేషన్, అంటే జన్యువులో మార్పు, కనపడలేదు.

వంటింట్లో స్టవ్ ముందు నిలబడి చదివాను. పాలు పొంగిపోయాయి. అమ్మ లోపల్నుంచి "ఏందమ్మాయ్ మాడు వాసన" అని అరుస్తోంది.

సాయంత్రం డాక్టరు గారికి చూపిస్తే ఆయన మొదటి పేజీ తిప్పేసి రెండో పేజీ అడుగున సన్నటి అక్షరాల మీద వేలు పెట్టారు. ఇచ్చిన ముక్కలో కణితి కణాలు 5 శాతం లోపే ఉన్నాయనీ, ఫలితాన్ని జాగ్రత్తగా తీసుకోవాలనీ ఉంది అక్కడ. నేను ఆ పేజీ చదవనే లేదు. "దీన్ని నేను లేదు అని ఒప్పుకోను" అన్నారాయన. చీటీ మీద ఒక నంబరు రాసిచ్చి, "విజయవాడలో ఈ మేడమ్ ఇదే పని చేస్తారు. స్లైడ్లూ బ్లాకూ అన్నీ పట్టుకుని ఆవిడ దగ్గరికి మీరే వెళ్ళండి. కొరియర్ వద్దు" అన్నారు.

బ్లాక్ వెనక్కి తెచ్చుకోవడం ఒక రోజు పని. ఇవ్వం అని అనలేదు, కానీ ఇచ్చేవాళ్ళు సీట్లో లేరు, తర్వాత ఉత్తరం రాసివ్వమన్నారు, తర్వాత పేషెంటు సంతకం కావాలన్నారు. అమ్మ చేత తెల్లకాగితం మీద సంతకం పెట్టించి తెచ్చాను. ఎందుకని అడిగితే స్కాన్ కాగితాల కోసమన్నాను. చివరికి మే 21 సాయంత్రం ఒక జిప్ కవర్లో చేతికొచ్చింది. అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ చట్రం, పక్కన పెన్సిల్‌తో నంబరు, మీద తెల్లటి మైనం. ఆ మైనంలో చీపురు పుల్ల చివర విరిచినట్టు మూడు గీతలు. ఒక గీత దాదాపు అరిగిపోయింది.

మే 22న బస్సెక్కి విజయవాడ. ల్యాబ్ సూర్యారావుపేటలో, కింద మందుల కొట్టు, పైన మెట్లెక్కి వెళ్ళాలి. నేను పెద్ద ఆస్పత్రిలా ఊహించుకున్నాను. రెండు గదులు, ఒక వరండా. చెప్పులు బయటే విప్పించారు. లోపల గదికీ బయట గదికీ మధ్య తలుపు ఎప్పుడూ మూసే ఉంది. నమూనాలోంచి డీఎన్ఏ తీసే గదికీ, దాన్ని మిషన్లో లక్షల రెట్లు పెంచే గదికీ మనుషులు ఇష్టమొచ్చినట్టు తిరగకూడదట. పెంచిన డీఎన్ఏ చిటికెడు ఎగిరి ఇంకొకళ్ళ ట్యూబులో పడితే, లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది. అందుకే కోటు కూడా గదికొకటి.

మేడమ్‌కి నలభై అయిదు ఉంటాయేమో. పేరు రాయను, ఆవిడకి ఇష్టం ఉండదు. పేషెంట్లను చూసే డాక్టరు కాదు కాబట్టి పలకరింపులు తక్కువ. నా దగ్గర ఫైలు తీసుకోలేదు, స్లైడ్ల డబ్బా మాత్రం తీసుకున్నారు. ఒక్కొక్కటీ వెలుతురుకేసి పట్టి చూసి మైక్రోస్కోపు కింద పెట్టారు. ఆ మైక్రోస్కోపుకి ఎదురెదురుగా ఇద్దరు చూసే వీలుంది. నన్ను కూర్చోమన్నారు.

గులాబీ నేల మీద వంగపండు రంగు చుక్కలు. అచ్చం అమ్మ చీరల్లో ఒకటి అలాగే ఉంటుంది. ఒక చిన్న బాణం గుర్తు కదిలింది. "ఈ చిన్న చుక్కలన్నీ మంచివే. వాపు దగ్గరికి వచ్చే తెల్ల కణాలు. ఇదిగో, ఇక్కడ ఉంగరంలా గుండ్రంగా కూర్చున్నాయే, పెద్దగా, ఒకదానికొకటి పోలిక లేకుండా, ఇవీ." అంతే చెప్పారు. నేను మళ్ళీ మళ్ళీ ఆ ఉంగరం వైపే చూశాను. ఇన్నాళ్ళూ దానికి పేరే తప్ప రూపం లేదు.

ఆవిడ మార్కర్ పెన్నుతో గాజు మీద ఆ ఉంగరాల చుట్టూ సున్నా చుట్టారు. మొదట తీసిన స్లైడులో సున్నా చిటికెనవేలి గోరులో సగం ఉంది. చివరి స్లైడుకి వచ్చేసరికి చుట్టడానికే ఏమీ లేదు.

అప్పుడు వివరంగా చెప్పారు, కోపంగా కాదు గానీ కష్టంగా. సూదితో తీసిన ముక్క చాలా కొంచెం. ఊపిరితిత్తిదా కాదా తేల్చడానికి రెండు రంగుల పరీక్షలు చాలు, టీటీఎఫ్-1, పీ40. మిగతా పది వేయకపోయినా అమ్మ వైద్యంలో తేడా రాదు. బ్లాక్‌ని కోత మిషన్ మీద పెట్టిన ప్రతిసారీ దాన్ని సమం చేయడానికే కొన్ని పొరలు పోతాయి. మూడుసార్లు పెట్టి తీశారు, మూడుసార్లూ పోయింది. అసలు పరీక్షకు వెళ్ళేసరికి మిగిలింది తెల్ల కణాలే. పైగా శుక్రవారం నుంచి సోమవారం దాకా ఫార్మలిన్‌లో ఉంది. 48 గంటలు దాటితే డీఎన్ఏ తునకలైపోవడం ఎక్కువవుతుంది. "ఆ ల్యాబ్ వాళ్ళు అబద్ధం రాయలేదమ్మా. వాళ్ళ చేతికి వచ్చినదాంట్లో కనపడలేదు. కనపడలేదు అంటే లేదని కాదు."

ముక్క తీసేముందు ఎవరైనా ఒక్క ఫోన్ చేసి, ఇది జన్యు పరీక్షకు కూడా కావాలి, పొదుపుగా కోయండి అని ల్యాబ్ కాగితం మీద రాయించి ఉంటే సరిపోయేదట. ఆ కాగితం మీద నేనే సంతకం పెట్టాను. దాంట్లో క్లినికల్ వివరాలు అన్నచోట ఖాళీగా ఉండటం ఇప్పుడు ఫోటోలో కనపడుతోంది.

మళ్ళీ ముక్క తీయాలా అని అడిగాను. వెన్నుపూసలోంచి తీయొచ్చని గుంటూరులో ఒక మాట అనుకున్నారు. ఆవిడ వెంటనే వద్దన్నారు. ఎముకను కోయడానికి వీలుగా మెత్తబడాలంటే ఆమ్లంలో నానబెడతారు, ఆ ఆమ్లంలో డీఎన్ఏ మిగలదు. ఈడీటీఏ అనే రసాయనంలో నానబెడితే దక్కుతుంది గానీ రోజులు పడుతుంది, అందరూ చేయరు. ఊపిరితిత్తిలో మళ్ళీ సూది అంటే ఈ ఆయాసంలో అమ్మకు ప్రమాదం. రక్తంతో చేసే పరీక్ష ఉంది, ఖర్చు చాలా ఎక్కువ, దొరికితే దొరికినట్టే, దొరక్కపోతే మళ్ళీ ఇదే అనుమానం. అంతా చెప్పి, చివరికి అడిగారు: "నీరు ఇంకా ఉందా?"

ఉంది. ఎలాగూ తీయాల్సిందే.

"మార్చిలో తీసిన నీరు ఏం చేశారు?"

చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి కాసేపు మాట్లాడలేదు. "అందులోనే ఉండి ఉంటుందమ్మా అంతా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు, మంచినీళ్ళ సీసా నా వైపు జరిపి కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది. తీసిన నీరంతా కావాలి, చుక్క కూడా పారబోయొద్దు. ఫార్మలిన్ కలపొద్దు. గడ్డకట్టకుండా వేసే హెపారిన్ మందు కలపొద్దు, అది పీసీఆర్‌కి, అంటే మిషన్లో డీఎన్ఏ పెంచే పరీక్షకి, అడ్డొస్తుంది. ఐస్ పెట్టెలో తేవాలి గానీ సీసా గడ్డ కట్టకూడదు. తీసిన మూడు నాలుగు గంటల్లో నా చేతిలో ఉండాలి. ముందు రోజు ఫోన్ చేయండి, మనుషుల్ని ఉంచుతాను.

మే 26, సోమవారం. రోహిణి కార్తె ఎండలు. పొద్దున ఏడింటికే గుంటూరులో నీరు తీశారు, 900 మిల్లీలీటర్లు. నర్సమ్మకి ఆ కాగితం ముందే చూపించాను. "ఇదంతా ఎందుకక్కా, పది మిల్లీలీటర్లు చాలు" అంటే బతిమాలాను. రెండు శుభ్రమైన సీసాల్లో నింపి మూతలకు టేపు చుట్టి, అమ్మ పేరూ టైమూ రాసి ఇచ్చింది. లేత ఎరుపు కలిసిన టీ రంగు. తమ్ముడు ముందు రోజే వచ్చి అమ్మ దగ్గర ఉన్నాడు. నేను కారు మాట్లాడుకున్నాను, ఆ సీసాలతో బస్సులో వెళ్ళే ధైర్యం చాల్లేదు. ఐస్ పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. ఐస్ ప్యాకులు నేరుగా తగలకుండా మధ్యలో తువ్వాలు చుట్టాను. కాజ టోల్ గేటు దగ్గర కార్లు ఆగిపోతే మూత తీసి చూశాను. మంగళగిరి దాటాక మళ్ళీ చూశాను. వారధి మీద కృష్ణ ఇసుక తిన్నెలు మెరిసిపోతుంటే, ఆ పక్కన కొండ మీద అమ్మవారికి మనసులోనే దండం పెట్టుకున్నాను. తొమ్మిదింబావుకి ల్యాబ్‌లో ఉన్నాను.

ఈసారి నన్ను గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. టెక్నీషియన్ కుర్రాడు నీటిని ట్యూబుల్లో పోసి మిషన్లో గిర్రున తిప్పాడు. తిరగడం ఆగాక ట్యూబు పైకెత్తి చూపించాడు. పైన తేట, అడుగున గోరంత మడ్డి, బూడిద రంగుది, దాని మీద ఎర్రటి చార. ట్యూబుల మడ్డంతా ఒక దాంట్లో చేర్చి, ఏవో రెండు చుక్కలు కలిపితే నిమిషాల్లో మీగడలా గట్టిపడింది. దాన్ని మెత్తని కాగితంలో చుట్టి చిన్న డబ్బీలో పెట్టి ఫార్మలిన్‌లో వేశాడు. "రాత్రికి తీసేస్తాం మేడమ్, రేపు మైనం, ఎల్లుండి పొద్దున స్లైడు" అన్నాడు. ఎన్ని గంటలకు వేశాడో డబ్బీ మీద రాసుకున్నాడు. 9.50. ఆ రాసుకోవడం చూశాక నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

మే 28న ఆవిడే ఫోన్ చేశారు. "కణాలు దండిగా ఉన్నాయమ్మా. నలభై శాతం దాకా కణితివే. ఇప్పుడు ఏ జవాబొచ్చినా నమ్మొచ్చు." ఉందో లేదో ఇంకా తెలియదు. అయినా ఆ మాటకే తమ్ముడూ నేనూ ఒకళ్ళ చేతులొకళ్ళం పట్టుకున్నాం.

పెద్ద పరీక్ష, ఒకేసారి పదుల కొద్దీ జన్యువులు చూసేది, మూడు వారాలన్నారు, ఖర్చూ నాలుగైదు రెట్లు. ముందు ఈజీఎఫ్ఆర్ ఒక్కటి పీసీఆర్‌లో వేద్దాం, పక్కన ఏఎల్‌కే అనే ఇంకో జన్యువుకి రంగు పరీక్ష, రెండూ లేకపోతేనే పెద్దది అన్నారు. కణాలు మిగిల్చే ఉంచుతాను, మళ్ళీ నీరు తేవక్కర్లేదన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. కణితి కణాల మీద ఉండే పీడీఎల్1 అనే ప్రోటీన్ రిపోర్టులో ఎక్కువ శాతం వస్తే, ఒంట్లోని రక్షణ శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ మొదలుపెడదామని ఎవరైనా అనొచ్చు, ఈజీఎఫ్ఆర్ తేలేదాకా ఒప్పుకోకండి అని. ఆ ఇంజెక్షన్ పడ్డాక ఆ వెనకే ఈ జన్యువుకిచ్చే కొన్ని మాత్రలు వేస్తే ఊపిరితిత్తుల వాపు వచ్చే ప్రమాదం ఎక్కువట.

జూన్ 2, సోమవారం. రిపోర్టు మెయిల్ చేస్తామన్నా నేను వెళ్ళాను. ఇంట్లో కూర్చోలేక. ఆవిడ కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. అడుగున గీతలు నేల మీద పాకినట్టు పోతున్నాయి, ఒకటి మాత్రం సగం దాటాక ఒక్కసారిగా పైకి లేచింది. లెక్కల్లో మేం పిల్లలకు గీయించే వక్రరేఖే. "ఇది ఎగ్జాన్ 19 డిలీషన్, ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఒక చిన్న ముక్క ఎగిరిపోవడం. డీఎన్ఏని పెంచే 26వ సైకిల్ దగ్గర లేచింది. నలభై సైకిళ్ళు తిప్పుతాం, ఆఖర్లో లేస్తే అనుమానించాలి. ఇది అనుమానం లేనిది." శనివారమే వచ్చిందట. మరి శనివారమే ఎందుకు చెప్పలేదు అని నోటిదాకా వచ్చింది. అడగకముందే చెప్పారు: "ఒకసారి చూసి చెప్పను. మళ్ళీ కొత్తగా డీఎన్ఏ తీసి రెండోసారి వేశాను. ఆదివారం వేశాను." ఆదివారం ల్యాబ్‌కి సెలవు.

మెట్లు దిగి మందుల కొట్టు ముందు నిలబడి తమ్ముడికి ఫోన్ చేస్తే మాట రాలేదు. వాడు అటు నుంచి "దొరికిందా? అక్కా, దొరికిందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

డాక్టరు గారు రెండు దార్లు చెప్పారు. కొత్త మాత్ర ఒసిమెర్టినిబ్, బాగా పనిచేస్తుంది, కేంద్రం 2024 బడ్జెట్‌లో దాని మీద కస్టమ్స్ సుంకం తీసేసింది, అయినా నెల నెలా మా వల్ల కాదు. పాత మాత్ర జెఫిటినిబ్, మన కంపెనీలే చేస్తాయి, నెలకు కొన్ని వేలల్లో అయిపోతుంది. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు జెఫిటినిబ్‌కి కీమో కలిపి ఇస్తే ఒక్క మాత్ర కన్నా ఎక్కువ కాలం బతుకుతున్నారని చూపించారట. అమ్మ కాస్త కోలుకున్నాక కీమో కలుపుదామన్నారు. అలాగే ఒప్పుకున్నాం. ఈ నిర్ణయం సరైనదా అని ఇప్పటికీ కొన్ని రాత్రులు అనిపిస్తుంది. డబ్బుంటే వేరేగా ఉండేదేమో.

మాత్ర మొదలుపెట్టే రోజు మాకు తెలియని రెండు సంగతులు బయటపడ్డాయి. టీబీ మందుల్లో ఎర్ర రంగుది, రిఫాంపిసిన్, ఒంట్లో ఉంటే ఈ మాత్రను పనిచేయనివ్వదు. అదృష్టం, నెల ముందే ఆపేశాం. రెండోది గ్యాస్ మాత్ర. అమ్మ ఏళ్ళ తరబడి పొద్దున లేవగానే పాంటోప్రజోల్ వేసుకుంటుంది. అది కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తే జెఫిటినిబ్ సరిగ్గా ఒంటికి పట్టదట. డాక్టరు గారు అడగలేదు, మేం చెప్పలేదు. అదొక మందని మాకు తోచలేదు. మందుల కొట్టతను పాత చీటీ చూసి అడిగితే బయటపడింది.

మార్చి నుంచి జూన్ 4 దాకా పరీక్షలకే 76 వేలు అయ్యాయి. అందులో బయాప్సీ 14 వేలు, పెట్ స్కాన్ 16 వేలు, పనికిరాకుండా పోయిన మొదటి జన్యు పరీక్ష 9 వేలు, విజయవాడలో అన్నీ కలిపి 13,500. కార్లు, బస్సులు కాకుండా. నా గాజులు రెండు జతలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.

జూన్ 12న స్కూళ్ళు తెరిచారు. నేను క్లాసులో ఉండగా నాలుగో రోజో అయిదో రోజో పక్కింటి పిన్ని ఫోన్ చేసింది. గుండె ఆగినంత పనైంది. "మీ అమ్మ ఇవాళ దగ్గట్లేదే" అంది. అది చెప్పడానికే చేసింది. గోడ పక్క గోడ, ఆరు నెలలుగా ఆ దగ్గు వింటూ పడుకున్న మనిషి. తర్వాత ముఖమంతా మొటిమల్లా పొక్కులు వచ్చాయి, విరేచనాలు పట్టుకున్నాయి. పొక్కులు వస్తే మందు పనిచేస్తున్నట్టేనని కొందరన్నారు, డాక్టరు గారు మాత్రం అలా ఏమీ అనుకోకండి, స్కానే చెబుతుందన్నారు. జులైలో కీమో మొదలైంది, మూడు వారాలకొకసారి.

ఆగస్టు 11న స్కాన్. 3.4 ఉన్నది 1.5 అయింది. నీరు లేదు.

విజయవాడకు ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ సంతోషించి, వెంటనే "బ్లాక్ ఎక్కడ పెట్టారు?" అని అడిగారు. నీటితో చేసిన బ్లాకులో మిగిలింది జూన్‌లోనే నాకిచ్చేశారు. ఎండ తగలకూడదు, కార్లో వదిలేయకూడదు, మైనం కరిగితే ముక్క పోతుంది అని చెప్పి మరీ ఇచ్చారు. బీరువాలో అడుగు అరలో, స్టీలు డబ్బాలో ఉందన్నాను. ఈ మాత్రకి కొన్నాళ్ళకు క్యాన్సర్ లొంగకుండా తిరగబడుతుంది, అలా తిరగబడిన వాళ్ళలో సగం మందిలో టీ790ఎమ్ అని ఇంకో మార్పు వస్తుంది, అప్పుడు కొత్తదాన్ని పాతదాంతో పోల్చి చూడాలి, పారేయొద్దు అన్నారు. సంతోషంగా ఉన్న రోజున కూడా ఆ మాట దాచలేదు ఆవిడ. అందుకే ఆవిడ మాట మీద నాకు నమ్మకం.

అమ్మ ఈ ఫోను విన్నది. "ఎవరా మేడమ్? నా నీళ్ళు పట్టుకుని పరిగెత్తావే, ఆవిడేనా? నన్నోసారి తీసుకుపో" అంది.

కృష్ణాష్టమి సెలవు రోజు వెళ్ళాం. మెట్ల దగ్గర రెండుసార్లు ఆగింది అంతే. ఆవిడకి పేషెంట్లు ఎదురుగా వచ్చి నిలబడటం అలవాటు లేదనుకుంటాను, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత అమ్మే మైక్రోస్కోపు వైపు చూపించి "దీంట్లోనేనా కనపడేది?" అని అడిగింది. నేను వద్దని సైగ చేశాను. ఆవిడ నా వైపు చూసి, అమ్మ వైపు చూసి, స్లైడు పెట్టారు.

అమ్మ ఒక కన్ను మూసుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"వంగపండు రంగు" అంది. తర్వాత తల ఎత్తకుండానే, "క్యాన్సరంటే ఇట్టా ఉంటదా" అంది.

నాకూ తమ్ముడికీ తప్ప ఆ మాట ఎవరికీ తెలియదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు.

"ఇది మే నెలదమ్మా" అన్నారు మేడమ్. "ఇప్పుడు ఇన్ని లేవు."

"అసలు లేవా?"

ఆవిడ ఆగారు. "ఉన్నాయి. తగ్గాయి."

అమ్మ తలూపింది. కొంగు సర్దుకుని లేచి, "సరే తల్లీ. నువ్వు వాటి సంగతి చూస్తా ఉండు" అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు కావాలంది. వారధి దాటేదాకా బయటికే చూస్తూ కూర్చుంది. మంగళగిరి వచ్చాక నా వైపు తిరిగి, ఇంట్లో పాలు తోడేసి వచ్చావా అని అడిగింది.